కళ్ల ముందు తేలే పోగులు: ఎప్పుడు వదిలేయాలి, ఎప్పుడు పరిగెత్తాలి

తెల్లటి గోడ వైపో, మబ్బు లేని ఆకాశం వైపో, కంప్యూటర్లో ఖాళీ పేజీ వైపో చూస్తుంటే కళ్ల ముందు సన్నటి దారప్పోగు ఒకటి, లేదా చిన్న చిన్న చుక్కల గొలుసు, కొందరికైతే దోమ ఎగిరినట్టు ఒక నల్ల మచ్చ కదులుతూ ఉంటుంది. అదేంటో సరిగ్గా చూద్దామని కన్ను తిప్పితే అదీ అటే జారిపోతుంది, కన్ను ఆపేస్తే కాసేపు ఊగి మెల్లగా కిందకి దిగుతుంది, రెప్పలు కొట్టినా పోదు, నీళ్లతో కడుక్కున్నా పోదు. వీటినే ఫ్లోటర్స్ అంటారు. కంటి పైన పడ్డ నలుసైతే కడిగితే పోయేది, ఇవి కంటి లోపల ఉన్నవి.

వీటి గురించి అడిగేవాళ్లలో రెండు రకాల మనుషులు నాకు తరచుగా తగులుతుంటారు. ఒకళ్లు ఏళ్ల తరబడి మారకుండా అలాగే ఉన్న ఒక్క పోగుని తలుచుకుని చూపు పోతుందేమోనని రాత్రుళ్లు నిద్ర పోకుండా కూర్చుంటారు. ఇంకొకళ్లు నిన్నటి నుంచి ఒక్కసారిగా కుప్పలు తెప్పలుగా చుక్కలు మొదలై, కంటి పక్కన మెరుపులు కూడా వస్తున్నా "నొప్పేం లేదుగా, ఓ వారం చూద్దాం" అని ఊరుకుంటారు. భయపడాల్సిన వాళ్లు నింపాదిగా ఉంటున్నారు, నింపాదిగా ఉండాల్సిన వాళ్లు భయంతో చస్తున్నారు. ఇది ఇలా తిరగబడటానికి కారణం ఏంటంటే, లోపల ఏం జరుగుతోందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, డాక్టర్ గారి గదిలో దొరికేది రెండు నిమిషాలు, వచ్చే జవాబు "ఏం లేదు, వయసుతో వస్తాయి". ఆ మాట చాలామటుకు నిజమే గానీ అది సరిపోదు. ఇందులో అసలు విషయం ఫ్లోటర్స్ ఉన్నాయా లేవా అన్నది కాదు, అవి ఉన్నట్టుండి మారాయా లేదా అన్నది. మిగతా అంతా దీన్ని పట్టుకునే నడుస్తుంది.

కన్ను లోపల ఏముందో ముందు చూద్దాం. పెద్దవాళ్ల కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. ముందు భాగంలో కంటిపాప, దాని వెనక లెన్సు, ఆ లెన్సు వెనకాల ఉన్న ఖాళీ అంతా పారదర్శకమైన జెల్‌తో నిండి ఉంటుంది, దాన్ని విట్రియస్ అంటారు. సుమారు 4 మిల్లీలీటర్లు ఉంటుంది, అంటే కన్నులో ఎక్కువ భాగం అదే. అందులో 98, 99 శాతం నీళ్లే, మిగతా కొంచెంలో కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులూ, నీటిని పట్టి ఉంచే హయాలురోనిక్ యాసిడ్ అనే పదార్థమూ ఉంటాయి. ఆ పోగులు ఎంత సన్నగా ఉంటాయంటే, ఒకదానికొకటి దూరంగా సర్దుకుని ఉన్నంతకాలం వెలుతురుకి అసలు అడ్డమే రావు. చిన్న వయసులో జెల్ అంత నిర్మలంగా ఉండేది అందుకే.

వయసు పెరిగే కొద్దీ ఈ అమరిక చెడుతుంది. జెల్‌లో అక్కడక్కడా నీటి గుంటల్లాంటివి ఏర్పడతాయి, ఆ చోట్ల పోగులు పట్టు తప్పి ఒకదానికొకటి అతుక్కుని చిక్కులు పడతాయి. ఆ చిక్కులు వెలుతురుని అడ్డుకుంటాయి, వాటి నీడ కంటి వెనక గోడకి లోపల పరుచుకుని వెలుతురుని పట్టే సన్నటి పొర, అంటే రెటీనా, మీద పడుతుంది. మనకి కనబడేది ఆ నీడ. బయట గాల్లో ఏదో ఎగురుతున్నట్టు అనిపించడానికి కారణం ఏంటంటే, రెటీనా మీద పడ్డ ప్రతిదాన్నీ మెదడు బయటి లోకంలోదే అనుకుని చూపిస్తుంది. రెటీనాకి దగ్గరగా ఉన్న చిక్కు అంచులు తేరుకుని నల్లగా కనిపిస్తుంది, దూరంగా ఉన్నది మసకగా పొగలా అనిపిస్తుంది. అందుకే ఒకే మనిషికి ఒకటి గీత గీసినంత స్పష్టంగానూ ఇంకొకటి మరకలాగానూ కనబడుతుంటాయి.

ఇప్పుడు అది పారిపోయే సంగతి. మనం ఏదైనా వస్తువుని సరిగ్గా చూడాలంటే రెటీనా మధ్యలో ఉన్న చిన్న చోటుకి దాని బొమ్మ తెచ్చుకోవాలి, అందుకోసమే కన్ను తిప్పుతాం. కానీ ఫ్లోటర్ ఉన్నది కన్ను లోపలే కాబట్టి కన్నుతో పాటే తిరుగుతుంది, పైగా జెల్ కాబట్టి కన్ను ఆగిన వెంటనే ఆగకుండా ఇంకాస్త ముందుకి వెళ్లి, వెనక్కి వచ్చి, తర్వాత స్థిమితపడుతుంది. కాబట్టి వెంటపడే కొద్దీ అది తప్పించుకుంటూనే ఉంటుంది. ఇది తెలిస్తే ఒక లాభం ఉంది: కదలని మచ్చ, అంటే కన్ను ఎటు తిప్పినా చూపులో సరిగ్గా అదే చోట అతుక్కుని ఏమాత్రం ఊగకుండా ఉండే మచ్చ ఫ్లోటర్ కాకపోవచ్చు, అది రెటీనాలోదో కంటి నరంలోదో అయ్యే అవకాశం ఉంది, దాన్ని వేరుగా చూపించుకోవాలి.

ఎండలో ఎక్కువ, చీకట్లో తక్కువ ఎందుకు కనబడతాయి అన్నది ఇంకో ప్రశ్న. వెలుతురు ఎక్కువైనప్పుడు కంటిపాప రెండు మిల్లీమీటర్ల దాకా కుంచించుకుపోతుంది, అంత చిన్న రంధ్రం నుంచి వచ్చే వెలుతురు నీడని పదునుగా వేస్తుంది. మసక వెలుతురులో పాప విప్పారుతుంది, వెలుతురు రకరకాల కోణాల్లో లోపలికి వస్తుంది, నీడ చెదిరి కనబడకుండా పోతుంది. దానికి తోడు వెనకాల ఏ బొమ్మా లేని తెల్లటి నేపథ్యం ఉంటే నీడ ఇంకా బాగా తెలుస్తుంది. రోజంతా తెల్లటి స్క్రీన్ ముందు పనిచేసేవాళ్లు స్క్రీన్ వల్లే ఇవి వచ్చాయనుకుంటారు. స్క్రీన్ వాటిని పుట్టించదు, ఉన్నవాటిని బయటపెడుతుంది, అంతే.

చిన్న వయసులో వస్తే?

ఇరవైల్లో ఉన్నవాళ్లు "వయసుతో వస్తాయి" అన్న మాట విని ఇంకా కంగారు పడతారు, నాకు వయసేమైందని అప్పుడే అని. ఎక్కువగా వీళ్లకి మైనస్ పవర్ అద్దాలు ఉంటాయి. మైనస్ పవర్ ఎక్కువున్న కన్ను మామూలు కన్ను కంటే పొడుగ్గా సాగి ఉంటుంది, ఆ కంట్లో జెల్ నీరుగా మారడం చాలా ముందే మొదలవుతుంది, రెటీనా కూడా సాగి అంచుల దగ్గర పల్చబడి ఉంటుంది. కాబట్టి మైనస్ ఆరు, అంతకంటే ఎక్కువ పవర్ ఉన్నవాళ్లు ఫ్లోటర్స్ ఉన్నా లేకపోయినా పాప పెద్దది చేయించుకుని రెటీనా అంచుల దాకా అప్పుడప్పుడు చూపించుకోవడం మంచిది. కొందరికి తల్లి కడుపులో కన్ను తయారయ్యేటప్పుడు ఉన్న రక్తనాళం పూర్తిగా మాయమవకుండా దాని తాలూకు ముక్కలు జెల్‌లో మిగిలిపోతాయి, అవీ పోగుల్లానే కనబడతాయి, వాటితో ఏ ప్రమాదమూ లేదు. కంటికి గట్టి దెబ్బ తగలడం, కంటి లోపల వాపు రావడం, శుక్లం ఆపరేషన్ అవడం, ఇవి కూడా కారణాలే. శుక్లం తీయించుకున్నాక చాలామంది "ఆపరేషన్ తర్వాతే ఈ మచ్చలు వచ్చాయి" అంటారు, అందులో కొంత నిజంగా జెల్‌లో మార్పు తొందరగా రావడం వల్ల, కొంత మసక లెన్సు పోయి చూపు తేటపడేసరికి ఎప్పటి నుంచో ఉన్నవి కొత్తగా కనబడటం వల్ల.

జెల్ విడిపోవడం

ఇక అసలైన ఘట్టం. యాభై దాటాక, ఎక్కువమందికి అరవైల్లో డెబ్భైల్లో, నీరుగా మారుతున్న జెల్ కుంచించుకుపోయి రెటీనా నుంచి ఊడి ముందుకి వచ్చేస్తుంది. దీన్ని డాక్టర్లు పోస్టీరియర్ విట్రియస్ డిటాచ్‌మెంట్, పొట్టిగా పీవీడీ అంటారు. పేరు విని హడలిపోవక్కర్లేదు, ఊడింది జెల్, రెటీనా కాదు. చాలామందికి ఇది తెలియకుండానే జరిగిపోతుంది. తెలిసినవాళ్లకి మాత్రం ఒక రోజు ఉన్నట్టుండి పెద్ద ఫ్లోటర్ ఒకటి వచ్చి కూర్చుంటుంది, చాలాసార్లు అది ఉంగరం ఆకారంలోనో సగం చెరిగిన సున్నాలానో ఉంటుంది. జెల్ వెనక భాగం కంటి నరం చుట్టూ గుండ్రంగా అతుక్కుని ఉంటుంది, అక్కడి నుంచి ఊడినప్పుడు ఆ అంచు కణజాలం కూడా దాంతో పాటు వచ్చేస్తుంది, దాన్నే వీస్ రింగ్ అంటారు. డాక్టర్ స్లిట్ ల్యాంప్‌తో, అంటే కంటి లోపలిని పెద్దది చేసి చూపే యంత్రంతో, చూస్తే ఆయనకీ అది కనబడుతుంది. పేషెంట్ కాగితం మీద గీసి చూపించిన ఆకారమే డాక్టర్‌కి లోపల తేలుతూ కనబడటం నాకు భలే అనిపిస్తుంది, ఎందుకంటే కంటి గురించి చెప్పుకునే బాధల్లో ఇంత కచ్చితంగా రుజువు దొరికేవి తక్కువ.

ఈ జెల్ అన్ని చోట్లా ఒకేలా అతుక్కుని ఉండదు. కంటి నరం చుట్టూ, రక్తనాళాల వెంబడి, రెటీనా ముందు అంచుల దగ్గర గట్టిగా పట్టుకుని ఉంటుంది. రెటీనా మందం చూస్తే సుమారు పావు మిల్లీమీటర్, అంచుల్లో ఇంకా పల్చన. గోడకి అంటించిన పోస్టర్ని పీకితే దాని వెనకాలే సున్నం పెచ్చు కూడా ఊడొచ్చినట్టు, జెల్ ఊడేటప్పుడు గట్టిగా అతుక్కున్న చోట రెటీనాని కూడా పట్టి లాగుతుంది. ఆ లాగుడికి రెటీనా స్పందించి మెదడుకి సంకేతం పంపుతుంది, రెటీనాకి తెలిసిన భాష ఒక్కటే, వెలుతురు, అందుకే దాన్ని ఎవరు కదిపినా మనకి మెరుపులాగే కనబడుతుంది. ఈ మెరుపులు ఎక్కువగా కంటి బయటి వైపు, చెవి వైపు, వంపు తిరిగిన గీతలా క్షణం పాటు వస్తాయి, చీకట్లో కన్ను పక్కకి తిప్పినప్పుడు బాగా తెలుస్తాయి.

చాలాసార్లు జెల్ అలా లాగి, ఏమీ చింపకుండానే విడిపోతుంది, మెరుపులు కొన్ని వారాల్లో తగ్గిపోతాయి, కథ అయిపోతుంది. కొన్నిసార్లు మాత్రం రెటీనా చిరుగుతుంది. ఎంతమందికి అంటే, ఉన్నట్టుండి ఫ్లోటర్స్ గానీ మెరుపులు గానీ వచ్చి కంటి డాక్టర్ దాకా వెళ్లినవాళ్ల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2009లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, పీవీడీ అని తేలినవాళ్లలో సుమారు 14 శాతం మందికి రెటీనాలో చిరుగు ఉంది. అంటే ఏడుగురిలో ఒకళ్లు. మిగతా ఆరుగురికి ఏమీ లేదు, కానీ ఆ ఏడుగురిలో తను ఎవరో ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు, ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా ఫోన్లో విని చెప్పలేరు. చూపు మసకబారడం, లోపల రక్తం కనబడటం ఉంటే చిరుగు ఉండే అవకాశం ఇంకా పెరుగుతుంది.

చిరుగు దశలోనే దొరికితే పని తేలిక. దాని చుట్టూ లేజర్‌తో చుక్కలు చుక్కలుగా కాల్చి మచ్చ కట్టేలా చేస్తారు, అక్కడ రెటీనా వెనక గోడకి అతుక్కుపోతుంది, మత్తు చుక్కలు వేసి కూర్చోబెట్టే చేస్తారు, ఎక్కువగా అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. వదిలేస్తే మాత్రం నీరుగా మారిన జెల్ ఆ చిరుగులోంచి రెటీనా వెనక్కి చేరి దాన్ని గోడ నుంచి ఎత్తేస్తుంది, అదే రెటీనల్ డిటాచ్‌మెంట్. లక్షణాలతో బయటపడిన చిరుగుని, జెల్ ఇంకా పట్టి లాగుతున్నదాన్ని, వైద్యం చేయకుండా వదిలేస్తే కనీసం సగం మందిలో రెటీనా ఊడుతుంది, లేజర్ చేస్తే ఆ ప్రమాదం 5 శాతం కంటే కిందకి వస్తుంది. ఇంత తేడా ఉన్న చోట "వారం చూద్దాం" అన్న మాట వింటే నాకు గుండె తరుక్కుపోతుంది.

ఒకప్పుడు రెటీనా ఊడిందంటే ఆ కన్ను పోయినట్టే. 1920ల్లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో జూల్ గోనాన్ అనే డాక్టర్, ఊడటానికి కారణం ఈ చిరుగే, దాన్ని మూసేస్తే రెటీనా తిరిగి అతుక్కుంటుంది అని చేసి చూపించాడు. ఈరోజు చేసే ప్రతి ఆపరేషన్ వెనకా ఉన్న సూత్రం అదే. కానీ చూపు ఎంత దక్కుతుందన్నది రెటీనా మధ్య భాగం, అంటే చదవడానికి ముఖాలు గుర్తుపట్టడానికి వాడే మాక్యులా, ఊడకముందే వచ్చారా ఊడాక వచ్చారా అన్నదాని మీద చాలా ఆధారపడుతుంది. ముందే వస్తే చూపు చాలావరకు నిలుస్తుంది, తర్వాత వస్తే ఆపరేషన్ బాగా జరిగినా చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

అందుకని గుర్తు పెట్టుకోవాల్సినవి: ఉన్నట్టుండి కొత్త ఫ్లోటర్స్ గుంపుగా రావడం, మిరియం పొడి చల్లినట్టో మసి రాలినట్టో సన్నటి నల్ల చుక్కలు కురవడం, కొత్తగా మెరుపులు మొదలవడం, చూపులో ఒక పక్క నుంచి తెర దిగుతున్నట్టో నీడ పాకుతున్నట్టో ఉండటం, చూపు తగ్గడం. వీటిలో ఏది వచ్చినా అదే రోజు, కుదరకపోతే మర్నాడు, కంటి డాక్టర్ దగ్గర ఉండాలి, తెర లాంటిది కనబడితే మాత్రం మర్నాటిదాకా కూడా ఆగొద్దు. రెటీనాకి నొప్పి తెలియదు, చిరిగినా ఊడినా నొప్పి రాదు, కన్ను ఎర్రబడదు, పక్కవాళ్లు చూస్తే కన్ను చక్కగానే ఉంటుంది. "నొప్పి లేదుగా" అన్నది ధైర్యం తెచ్చుకోవాల్సిన కారణమే కాదు. నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, వీటితో కలిసి ఫ్లోటర్స్ వస్తే అది యువైటిస్ అనే లోపలి వాపు కావచ్చు, దానికీ వెంటనే వెళ్లాలి, వైద్యం వేరు. షుగర్ ఉన్నవాళ్లకి నల్లటి దారాలో పొగమంచో ఒక్కసారిగా దిగితే రెటీనా మీద పుట్టిన నాసిరకం రక్తనాళాలు పగిలి రక్తం కారి ఉండొచ్చు.

ఒకదాన్ని మాత్రం విడిగా చెప్పాలి. రెండు కళ్లలోనూ ఒకేసారి, వంకర టింకర గీతలు మెరుస్తూ మెల్లగా పెద్దవై ఇరవై ముప్పై నిమిషాల్లో మాయమైతే అది మైగ్రేన్ ఆరా, అంటే మైగ్రేన్ తలనొప్పికి సంబంధించి మెదడులో పుట్టే మెరుపు, అయ్యే అవకాశం ఎక్కువ, తలనొప్పి రాకపోయినా సరే. రెటీనా మెరుపు క్షణంలో వచ్చి క్షణంలో పోతుంది, ఒక కంట్లోనే ఉంటుంది. తేడా తెలియకపోతే ఒక్కో కన్ను మూసి చూసుకోండి. అయినా జీవితంలో మొదటిసారి వస్తే చూపించుకోవడమే మంచిది. నీలి ఆకాశం చూసినప్పుడు సన్నటి తెల్లటి చుక్కలు గిరగిరా పరిగెత్తడం కూడా ఫ్లోటర్స్ కాదు, అవి రెటీనా రక్తనాళాల్లో పోతున్న తెల్ల రక్తకణాల జాడలు, అందరికీ ఉంటాయి.

పరీక్ష ఎలా ఉంటుంది

కంప్యూటర్ మిషన్ ముందు కూర్చోబెట్టి పవర్ చూసి పంపేస్తే అది ఈ సమస్యకి పరీక్ష కాదు, ఈ ఒక్క విషయంలో మొహమాటపడకుండా అడగండి. కంట్లో చుక్కలు వేసి పాప పెద్దది చేయాలి, దానికి ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది, మొదటి చుక్క కాస్త మండుతుంది, తర్వాత దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్టర్ తలకి లైటు పెట్టుకుని చేతిలో లెన్సు పట్టుకుని పైకి చూడండి, కుడి పక్క పైకి, కుడికి, కిందకి అని ఒక్కో వైపూ చూడమంటారు, ఎందుకంటే చిరుగులు ఎక్కువగా వచ్చేది రెటీనా ముందు అంచుల్లో, నేరుగా చూస్తే అవి కనబడవు. కొన్నిసార్లు రెప్ప మీద నుంచి సన్నటి లోహపు పుల్లతో నొక్కుతారు, అలా నొక్కితే అంచు లోపలికి వస్తుంది, కాస్త ఇబ్బందిగా ఉంటుంది గానీ ఓర్చుకోండి, అసలు చిరుగు దొరికేది చాలాసార్లు అప్పుడే. వెలుతురు కళ్లలోకి సూటిగా పడుతుంది, పరీక్ష అయ్యాక కాసేపు అంతా గులాబీ రంగుగానో నల్లగానో అనిపిస్తుంది, అది పోతుంది. రక్తం అడ్డొచ్చి లోపల కనబడకపోతే స్కాన్ చేస్తారు. చుక్కల ప్రభావం కొన్ని గంటలుంటుంది కాబట్టి బండి నడుపుకుంటూ వెళ్లొద్దు, తోడు ఎవరినైనా తీసుకెళ్లండి, నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి.

అంతా బాగుందంటే అక్కడితో అయిపోయినట్టు కాదు. అదే 2009 సమీక్ష ప్రకారం, మొదటిసారి ఏ చిరుగూ కనబడని వాళ్లలో కూడా సుమారు 3.4 శాతం మందికి ఆరు వారాల లోపు చిరుగు వచ్చింది, జెల్ ఊడటం ఒక్క రోజులో పూర్తవదు కాబట్టి. అందుకే నెల, నెలన్నరకి మళ్లీ రమ్మంటారు. ఈలోగా ఏదైనా మారితే తారీఖు కోసం చూడకుండా వెళ్లిపోవాలి. ఇంట్లో చూసుకోవడానికి, రోజుకి ఒకసారి ఒక కన్ను మూసి ఇంకో కన్నుతో ఎదురుగా ఉన్న తలుపుని చూస్తూ దాని నాలుగు మూలలూ కనబడుతున్నాయా అని చూసుకోవడం చాలు. గంట గంటకీ చూసుకోవద్దు.

"ఏం లేదు" అన్నాక

ఇక్కడి నుంచి వేరే రకం కష్టం మొదలవుతుంది, దీన్ని చాలామంది చులకనగా తీసుకుంటారు. డాక్టర్ "ఏం లేదు" అంటే రెటీనా బాగుంది అని అర్థం, మీకు ఏమీ కనబడటం లేదు అని కాదు. అక్షరాల పట్టికలో చివరి వరస దాకా చదివేసినవాళ్లు కూడా "ఏదో మసకగా ఉంది డాక్టర్" అంటుంటారు, అది ఊహ కాదు. ఆ పట్టికలో అక్షరాలు చిక్కటి నలుపు, వెనక తెలుపు, అంత తేడా ఉన్నప్పుడు ఎవరైనా చదువుతారు, లేత బూడిద రంగు మీద ఇంకొంచెం బూడిద రంగుని గుర్తుపట్టే శక్తి, కాంట్రాస్ట్ అంటామే, అది ఫ్లోటర్స్ వల్ల తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. 2011లో సింగపూర్ డాక్టర్లు ఫ్లోటర్స్ ఉన్నవాళ్లని అడిగితే, ఇవి పూర్తిగా పోతాయంటే మిగిలిన ఆయుష్షులో ప్రతి పదేళ్లకీ సగటున 1.1 ఏళ్లు వదులుకోవడానికి కూడా సిద్ధమన్నారు. అంత బాధపెట్టేదాన్ని "పట్టించుకోవద్దు" అని ఒక్క మాటతో కొట్టేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

అలాగని ఆశ వదులుకోవాల్సిందీ కాదు. రెండు పనులు వాటంతటవే జరుగుతాయి. చిక్కులు కాలంతో పాటు మెల్లగా చూపు దారిలోంచి పక్కకో కిందకో జరుగుతాయి, కొన్ని ముందుకి, రెటీనాకి దూరంగా వెళ్లి మసకబారతాయి. రెండోది మెదడు చేసే పని, ఎప్పుడూ ఉండే, ఏ ప్రయోజనమూ లేని సంకేతాన్ని మెదడు క్రమంగా పక్కన పెట్టేస్తుంది. పీవీడీ వల్ల వచ్చినవి చాలామందికి కొన్ని నెలల్లో ఇబ్బంది తగ్గిపోతాయి, మాయమైపోవు గానీ వెతికితే తప్ప కనబడవు. ఈ రెండో పనికి అడ్డం పడేది మనమే, రోజూ పొద్దున్నే లేచి ఆకాశం వైపు చూసి ఉందా పోయిందా అని లెక్క పెట్టుకుంటుంటే మెదడుకి మనం చెబుతున్నది ఇది చాలా ముఖ్యమైన సంగతి, వదలకు అని. భయం ఎక్కువైతే చూపు ఇంకా అటే లాగుతుంది, చూసే కొద్దీ భయం పెరుగుతుంది, కొందరికి ఇది నిద్రా పనీ పాడయ్యేంత దాకా పోతుంది. అలాంటప్పుడు మనసు డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవడంలో ఏ తప్పూ లేదు, కళ్లలోది నిజమైనా దాని చుట్టూ పెరిగిన భయానికి వైద్యం వేరే ఉంది.

చేతిలో ఉన్న చిన్న చిన్న ఉపాయాలు బాగానే పనిచేస్తాయి. ఎండలోకి వెళ్తే నల్ల కళ్లద్దాలు, స్క్రీన్ వెలుతురు తగ్గించుకోవడం, తెల్లటి నేపథ్యం బదులు బూడిద రంగో డార్క్ మోడో పెట్టుకోవడం. చదువుతుంటే సరిగ్గా అక్షరం మీదే వచ్చి కూర్చుంటే తల కదపకుండా కళ్లని రెండు మూడు సార్లు పైకీ కిందకీ తిప్పండి, జెల్ కదిలి అది కాసేపు పక్కకి పోతుంది. పని చేసే బల్ల ఎదురుగా ఉత్త తెల్ల గోడ ఉంటే ఏదైనా బొమ్మ తగిలించండి.

మందుల సంగతి సూటిగా చెప్పేస్తాను. ఫ్లోటర్స్‌ని కరిగించే కంటి చుక్కలు లేవు, చుక్కలు కంటి ముందు భాగానికి పనిచేస్తాయి, వెనకున్న జెల్‌లో చిక్కుపడ్డ పోగుల్ని విప్పవు. ఏదో పండు రోజూ తింటే పోతాయనీ, కంటి వ్యాయామాలతో కరుగుతాయనీ తిరిగే వీడియోలకి గట్టి ఆధారం లేదు, ఆ రోజుల్లోనే మచ్చలు వాటంతటవే తగ్గినవాళ్లు ఆ ఘనత పండుకి ఇచ్చేస్తారు. ఇంకోటి, రెటీనా చిరుగుకి లేజర్ చేయించుకున్నవాళ్లు "లేజర్ చేసినా మచ్చలు పోలేదు" అని నిరాశపడతారు, ఆ లేజర్ చిరుగుని మూయడానికి, మచ్చల కోసం కాదు.

మచ్చల కోసమే చేసేది యాగ్ లేజర్. పెద్ద ఉంగరం లాంటి ఫ్లోటర్‌ని చిన్న చిన్న ముక్కలుగా, ఆవిరిగా చేస్తారు. 2017లో జామా ఆఫ్తాల్మాలజీ అనే కంటి వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 52 మందిలో కొందరికి నిజం లేజర్, కొందరికి ఉత్తుత్తి లేజర్ చేసి ఆరు నెలల తర్వాత అడిగితే నిజం లేజర్ వాళ్లు సగటున 54 శాతం మెరుగైందన్నారు, ఉత్తుత్తిది 9 శాతం. బాగానే ఉంది కానీ 52 మంది అంటే చిన్న అధ్యయనం, తీసుకున్నవాళ్లందరూ వీస్ రింగ్ ఉన్నవాళ్లే. పల్చటి పొగలాంటివాటికీ, చిన్న వయసువాళ్లకి రెటీనాకి ఆనుకుని ఉండే సన్నటి పోగులకీ ఇది కుదరదు, లెన్సుకో రెటీనాకో లేజర్ తగిలితే నష్టం.

పూర్తిగా తీసేసేది విట్రెక్టమీ ఒక్కటే, 1970ల మొదట్లో రాబర్ట్ మాకెమర్ మొదలుపెట్టిన ఆపరేషన్, ఇప్పుడు సుమారు అర మిల్లీమీటర్ రంధ్రాలతో చేస్తారు, జెల్ తీసి ఉప్పునీటి ద్రవం నింపుతారు, తర్వాత కన్నే తన నీళ్లతో దాన్ని భర్తీ చేసుకుంటుంది. చేయించుకున్నవాళ్లలో చాలామంది చూపు తేటగా ఉందని సంతోషపడతారు. కానీ దీని ధర కూడా పెద్దదే: యాభై దాటి సొంత లెన్సు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి రెండేళ్ల లోపే శుక్లం వచ్చేస్తుంది, కొద్దిమందికి రెటీనా చిరగడమో ఊడటమో జరుగుతుంది, చాలా అరుదుగా ఇన్‌ఫెక్షన్ వచ్చి చూపే పోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కన్నుకి ఇంత సాహసం ఎందుకని డాక్టర్లు వెనకాడతారు, వాళ్ల భయం సరైనదే. నా అభిప్రాయం అడిగితే, కనీసం ఆరు నెలలైనా చూసి, బండి నడపడం చదవడం లాంటి పనులకి నిజంగా అడ్డొస్తుంటే, అప్పుడు రెటీనా నిపుణుడితో కూర్చుని నా జెల్ పూర్తిగా ఊడిందా, నా లెన్సు సంగతేంటి, మీరు ఫ్లోటర్స్ కోసం ఈ ఆపరేషన్ ఎంతమందికి చేశారు, వాళ్లలో ఎంతమందికి రెటీనా ఊడింది అని అడగండి. సరిగ్గా జవాబు చెప్పే డాక్టర్ అయితే ఈ ప్రశ్నలకి నొచ్చుకోరు.

ఇంకొక్క మాట, ఒక కంట్లో జెల్ ఊడినవాళ్లకి చాలాసార్లు కొన్ని నెలలకో ఏళ్లకో రెండో కంట్లో కూడా అదే జరుగుతుంది. అప్పుడు "ఇది నాకు తెలిసిందే, పోయినసారి ఏం కాలేదుగా" అనిపిస్తుంది. రెండో కంటి రెటీనా వేరు, దానికి జెల్ అతుక్కున్న చోట్లు వేరు, కాబట్టి పాప పెద్దది చేసి చూసే పరీక్ష దానికీ మొదటి రోజు నుంచి మళ్లీ చేయించుకోవాలి, నెలన్నర తర్వాత రమ్మన్న తారీఖుతో సహా.